తప్పుకోవాల్సింది ఎవరు? వీధి పంపకాల చరిత్రపై ఒక సింహావలోకనం

బండి తోలేవాడు ‘తప్పుకో’ అని గట్టిగా కేకవేశాక కూడా ఎవరికైనా దెబ్బ తగిలితే, తోలినవాడికి శిక్ష లేదని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. ఎద్దు ముక్కుతాడు తెగినా, కాడి విరిగినా, ఇరుసో చక్రమో విరిగినా కూడా శిక్ష లేదు. తోలేవాడికి నేర్పు లేక ప్రమాదం జరిగితే మాత్రం బండి యజమాని 200 పణాల జరిమానా కట్టాలి. నడిచే మనిషికీ బండికీ మధ్య తగవు అంత పాతది. ఎదురుపడినప్పుడు ఎవరు తప్పుకోవాలన్నదే ఆ తగవులో అసలు ప్రశ్న. ఒక్కో కాలం దానికి ఒక్కో జవాబు చెప్పింది. రోడ్డు వెడల్పు, ఫుట్‌పాత్ ఎత్తు, సిగ్నల్ దీపం, జరిమానా రసీదు అన్నీ ఆ జవాబుల్లోంచి పుట్టినవే. ఈ చరిత్రను వెనక్కి తిరిగి చూడటం ఇప్పుడు అవసరం. ఎందుకంటే మన పట్టణాల్లో రోడ్లు తవ్వుతున్నారు, వెడల్పు చేస్తున్నారు, ఫ్లైఓవర్లు ఎక్కిస్తున్నారు. ఆ ప్రశ్నను మాత్రం ఎవరూ పైకి అడగడం లేదు.

రోమ్ పాలకులు ఈ తగవును వేళలు పంచి తీర్చారు. క్రీ.పూ. 45 నాటి జూలియస్ సీజర్ పురపాలక శాసనం ప్రకారం పొద్దు పొడిచినప్పటి నుంచి సాయంత్రం అయ్యే దాకా సరుకు బండ్లు నగరంలో తిరగకూడదు. ఆలయ నిర్మాణ సామగ్రి వంటి కొన్నిటికే మినహాయింపు. పగలు వీధి మనుషులది, రాత్రి బండ్లది. చక్రాల మోతకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని తరువాతి కాలంలో జువెనాల్ అనే కవి వాపోయాడు. పాంపేయీ నగరంలో ఇంకో ఏర్పాటు కనిపిస్తుంది. వీధికి రెండు పక్కలా ఎత్తయిన కాలిబాటలు, వాటి మధ్య వీధికి అడ్డంగా పెద్ద పెద్ద రాళ్లు. మనిషి రోడ్డు మీదికి దిగకుండా ఆ రాళ్ల మీద అడుగులు వేస్తూ దాటుతాడు. బండి చక్రాలు రాళ్ల మధ్య సందుల్లోంచి పోవాలి కాబట్టి తోలేవాడు వేగం తగ్గించక తప్పదు. దాటే మనిషి ఉన్న ఎత్తులోనే ఉంటాడు, జాగ్రత్త పడాల్సింది బండి. రెండు వేల ఏళ్ల తరువాత ట్రాఫిక్ ఇంజనీర్లు మళ్లీ ఈ సూత్రం దగ్గరికే వచ్చారు.

మన దగ్గర వీధి వెడల్పును నిర్ణయించింది రథం. గుడి చుట్టూ నాలుగు మాడ వీధులు, ముందు రథం వీధి. ఏడాదిలో కొన్ని రోజులు దేవుడు ఊరేగడానికి అంత జాగా వదిలారు. తక్కిన రోజుల్లో అదే జాగాలో ముగ్గులు పడ్డాయి, ధాన్యం ఎండింది, పిల్లలు గోలీలు ఆడారు, పెద్దలు అరుగుల మీద కూర్చుని పంచాయతీలు తీర్చారు. ఎద్దుబండి వచ్చినా అది నడక వేగమే కాబట్టి ఎవరూ ఉలిక్కిపడి లేవనవసరం లేదు. తిరుమల మాడ వీధుల్లో ఇప్పటికీ నడకదే రాజ్యం.

అయితే ఈ జ్ఞాపకాన్ని తియ్యగా మాత్రమే చెప్పుకుంటే అబద్ధమవుతుంది. అదే వీధుల్లో కొందరు నడవడానికే వీల్లేదు. 1924 మార్చి 30న తిరువాన్కూరు సంస్థానంలోని వైకోంలో మొదలైన సత్యాగ్రహం గుడిలోకి ప్రవేశం కోసం జరిగింది కాదు. గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద అవర్ణులు నడిచే హక్కు కోసం జరిగింది. 1925 నవంబరు దాకా సాగి, నాలుగింట మూడు రోడ్లు తెరుచుకున్నాక ఆగింది. మోటారు రాకముందు వీధి అందరిదీ అనే మాట ఎవరు చెప్పినా వైకోంను గుర్తు చేయాలి. తప్పుకోమనే కేక మన దేశంలో చక్రాల మీద కూర్చున్నవాళ్ల నోటి నుంచే రాలేదు.

ఇక యంత్రాల కాలం. బ్రిటన్ 1865లో చేసిన చట్టం ఆవిరి బండ్లకు పల్లెల్లో గంటకు 4 మైళ్లు, పట్టణాల్లో 2 మైళ్లు హద్దు పెట్టింది. బండికి 60 గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలన్నది. ఈ చట్టాన్ని చూసి ఇప్పుడు చాలామంది నవ్వుతారు. కానీ ప్రమాదం తెచ్చేవాడే జాగ్రత్త పడాలన్న న్యాయం అందులో ఉంది. 1896లో ఆ ఆంక్షలు తొలగడానికి సిద్ధమవుతున్న రోజుల్లోనే, ఆగస్టు 17న, లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే మహిళ మోటారు కారు కింద పడి చనిపోయింది. బ్రిటన్‌లో పెట్రోలు కారు బలిగొన్న మొదటి పాదచారి ఆమె. జ్యూరీ దాన్ని ప్రమాదవశాత్తు జరిగిన మరణంగా తేల్చింది.

అమెరికాలో ఈ పోరు బాహాటంగా జరిగింది. 1923లో సిన్సినాటీ నగరంలో 42 వేల మంది సంతకాలు చేసి ఒక ప్రతిపాదనను ఓటింగుకు తెచ్చారు. నగరంలో తిరిగే ప్రతి కారుకూ గంటకు 25 మైళ్లు దాటకుండా వేగాన్ని కట్టడి చేసే పరికరం బిగించాలన్నది వాళ్ల కోరిక. కార్ల వ్యాపారులు ఏకమై ప్రచారం చేశారు, ప్రతిపాదన ఓడిపోయింది. ఆ తరువాత పరిశ్రమ దాడి దిశ మార్చుకుంది. రోడ్డు దాటే మనిషినే దోషిని చేశారు. ఎక్కడపడితే అక్కడ రోడ్డు దాటేవాణ్ణి పల్లెటూరి మొద్దుగా వెక్కిరించే ‘జేవాకర్’ అనే మాటను ఊరూరా ప్రచారంలోకి తెచ్చారు. బడుల్లో పిల్లలకు పాఠాలు చెప్పించారు. 1925లో లాస్ ఏంజిలిస్ తెచ్చిన ట్రాఫిక్ ఆర్డినెన్సు పాదచారిని గీతల మధ్యకు నెట్టింది, అదే ఎన్నో నగరాలకు నమూనా అయింది. పీటర్ నార్టన్ అనే చరిత్రకారుడు 2008లో వెలువరించిన పుస్తకంలో ఈ కథంతా వివరంగా రాశాడు. దాన్ని చదివితే ఒక సంగతి తేటపడుతుంది. వీధి కారు పరం కావడం సహజంగా జరిగిన పరిణామం కాదు. ఓట్లతో, డబ్బుతో, ప్రచారంతో గెలుచుకున్న ఆస్తి అది.

ఓడిన పాదచారికి నగర రూపశిల్పులు వేరే దారి చూపించారు. 1929లో న్యూజెర్సీలోని రాడ్‌బర్న్‌లో క్లారెన్స్ స్టైన్, హెన్రీ రైట్ ఇళ్ల ముందు తోటలూ కాలిబాటలూ, ఇళ్ల వెనక కార్ల దారులూ వేశారు. రెండూ ఎక్కడా కలవకూడదన్నది సిద్ధాంతం. లె కార్బూజియే చండీగఢ్‌లో రోడ్లను ఏడు తరగతులుగా విడగొట్టి, ఏడోదాన్ని పచ్చిక మధ్య నడిచేవాళ్లకు కేటాయించాడు. హైదరాబాదులో నగరాభివృద్ధి మండలి అంతకుముందే ఒక మంచి పని చేసింది. 1908 మూసీ వరదల తరువాత, 1912లో ఏర్పడిన ఆ మండలి పత్తర్‌గట్టి రోడ్డును వెడల్పు చేసేటప్పుడు దుకాణాల ముందు రాతి కమానుల వరండా కట్టించింది. ఎండలోనూ వానలోనూ మనిషి నీడన నడిచేలా రోడ్డు కట్టిన ఉదాహరణ మన నడిబొడ్డునే ఉంది. దాన్నిప్పుడు ఎవరూ ఇంజనీరింగు కాలేజీలో పాఠంగా చెప్పరు.

1963లో బ్రిటిష్ ప్రభుత్వం కోసం కొలిన్ బుకానన్ బృందం తయారుచేసిన ‘ట్రాఫిక్ ఇన్ టౌన్స్’ నివేదిక రెండు వైపులా దారి తీసింది. కార్లు పెరిగితే నగరాన్ని భారీగా తిరగకట్టాలన్నది అందులో ఒక భాగం. నివాస ప్రాంతాల్లో బతుకుకే మొదటి చోటు, వాహనాలకు హద్దు ఉండాలన్నది ఇంకో భాగం. బ్రిటన్ ఎక్కువగా మొదటి భాగాన్నే అందుకుని ఎత్తైన రోడ్లూ, పాదచారులకు సొరంగాలూ కట్టింది. రెండో భాగాన్ని సముద్రం అవతల డచ్చివాళ్లు అందుకున్నారు.

నెదర్లాండ్స్ కథ దగ్గర కాస్త నిలబడాలి. 1960ల చివర్లో డెల్ఫ్ట్ పట్టణంలో యోస్ట్ వాల్ అనే ఇంజనీరు, అతని సహచరులు పాత పేదల పేటల్లో కొన్ని వీధులను మార్చారు. ఫుట్‌పాత్‌కూ రోడ్డుకూ మధ్య ఎత్తు తీసేశారు. నేరుగా సాగే దారిని వంకరలు తిప్పారు. మధ్యలో చెట్లు, బల్లలు, పిల్లలు ఆడే చోట్లు పెట్టారు. గీత గీసిన చోటే కారు ఆపాలి. ఈ వీధికి నీక్ డె బూర్ అనే ప్రొఫెసరు ‘వూనెర్ఫ్’ అని పేరు పెట్టాడు. ఇంటి ముంగిలి లాంటి వీధి అన్నమాట. 1976లో దానికి చట్టం వచ్చింది. వీధి పొడవునా వెడల్పునా పాదచారికే హక్కు, పిల్లలు నడివీధిలో ఆడుకోవచ్చు, వాహనం నడక వేగాన్ని మించకూడదు. ఇల్లు, బంతితో పిల్లవాడు, కారు బొమ్మలున్న నీలి పలక కనిపించిన దగ్గర ఆ నియమం మొదలవుతుంది.

ఆ చట్టం ఇంజనీర్ల మంచితనం వల్ల మాత్రమే రాలేదు. 1971లో ఆ చిన్న దేశంలో మూడు వేల మందికి పైగా రోడ్ల మీద చనిపోయారు, వాళ్లలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. బిడ్డను రోడ్డు ప్రమాదంలో పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హోఫ్ అనే పాత్రికేయుడు 1972లో ఒక వ్యాసం రాశాడు. ‘పిల్లల హత్యలు ఆపండి’ అన్నది ఆ వ్యాసం శీర్షిక, అదే ఉద్యమానికి పేరైంది. తల్లిదండ్రులు పిల్లలతో కలిసి రోడ్లకు అడ్డంగా కూర్చున్నారు. 1973లో చమురు కొరత వచ్చి ఆదివారాలు కార్లు ఆగిపోయినప్పుడు, ఖాళీ రోడ్ల మీద బతుకు ఎలా ఉంటుందో దేశమంతా చూసింది. దుఃఖం, కోపం, చమురు కొరత మూడూ కలిసి తెచ్చిన మార్పు అది. అయితే వూనెర్ఫ్ కట్టడం ఖరీదైన పని. అందుకే 1980ల నుంచి డచ్ ప్రభుత్వం తక్కువ ఖర్చుతో ఎక్కువ వీధులకు అందేలా గంటకు 30 కి.మీ. మండలాలను విస్తరించింది.

అదే కాలంలో శాన్ ఫ్రాన్సిస్కోలో డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ ఒకే రకం ఇళ్లున్న మూడు వీధులను పోల్చి చూశాడు. రోజుకు సుమారు 2 వేల వాహనాలు తిరిగే వీధిలో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు. 16 వేల వాహనాలు తిరిగే వీధిలో ఒక్కరు కూడా నిండుగా లేరు. ట్రాఫిక్ ఎముకలనే కాదు, ఇరుగుపొరుగును కూడా విరుస్తుందని అంకెలతో చూపిన మొదటివాళ్లలో ఆయన ఒకడు. 1981లో ‘లివబుల్ స్ట్రీట్స్’ ప్రచురించాడు. మరుసటి ఏడాది ఏథెన్స్‌లో వేగంగా వచ్చిన కారు ఢీకొని చనిపోయాడు.

తరువాతి అధ్యాయం హాన్స్ మోండర్‌మన్‌ది. నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలో రోడ్డు భద్రత చూసే ఈ ఇంజనీరు 1980ల మధ్యలో ఔడెహాస్కె అనే గ్రామానికి వెళ్లాడు. ఊరి మధ్య కార్ల వేగం తగ్గించమని గ్రామస్తుల ఫిర్యాదు. స్పీడ్ బ్రేకర్లు వేయలేదు, బోర్డులు పెట్టలేదు. రోడ్డును రోడ్డులా కాక ఊరి వీధిలా కనిపించేలా మార్చాడు. వేగం 40 శాతానికి పైగా పడిపోయింది. అక్కడి నుంచి ఒక ఆలోచన పట్టుకున్నాడు. గీతలూ సిగ్నళ్లూ డ్రైవరుకు ‘ఈ జాగా నీది’ అని భరోసా ఇస్తాయి, ఆ భరోసాతో అతను చుట్టూ చూడటం మానేస్తాడు. భరోసా తీసేస్తే చూడటం మొదలుపెడతాడు. డ్రాఖ్టెన్ పట్టణంలో రోజుకు 22 వేల వాహనాలు దాటే కూడలిలో సిగ్నళ్లు తీయించి ఫౌంటెన్లున్న ఒక చౌరస్తాను తయారు చేశాడు. వచ్చిన విలేఖరుల ముందు వెనక్కి తిరిగి నడుస్తూ ఆ ట్రాఫిక్‌లోకి వెళ్లేవాడు. కార్లు ఆగేవి. ప్రమాదాలు తగ్గాయి, బస్సుల ఆలస్యమూ తగ్గింది. 2008 జనవరిలో ఆయన పోయేనాటికి ‘షేర్డ్ స్పేస్’, అంటే పంచుకున్న జాగా, ప్రపంచమంతా తెలిసిన మాట.

తెలిసినంత మాత్రాన అర్థమైనట్టు కాదు. బ్రిటన్‌లో ఈ పేరుతో జరిగిన పనులు చూస్తే అది తెలుస్తుంది. లండన్‌లో మ్యూజియంల మధ్య సాగే ఎగ్జిబిషన్ రోడ్డును దాదాపు 3 కోట్ల పౌండ్లతో, గళ్ల గళ్ల రాతిపరుపుతో, గోడ నుంచి గోడ దాకా ఒకే ఎత్తులో పరిచి 2012లో ప్రారంభించారు. అదే ఏడాది చెషైర్‌లోని పోయింటన్‌లో రోజుకు 26 వేల వాహనాల కూడలికి సిగ్నళ్లు తీసేశారు. ఫొటోలు అందంగా వచ్చాయి. కెంట్‌లోని ఆష్‌ఫర్డ్‌లో ఇలాంటి కూడలినే మూడీ, మెలియా అనే పరిశోధకులు వీడియో తీసి 2014లో ఫలితాలు ప్రచురించారు. ఎక్కువసార్లు ఆగింది కారు కాదు, మనిషి. మనుషులు తాము వెళ్లాలనుకున్న దారి వదిలి చుట్టు తిరిగి వెళ్లారు. పేరు పంపకం, వరస మాత్రం పాతదే.

అంతకన్నా పెద్ద దెబ్బ తిన్నది చూపులేనివాళ్లు. ఈ పద్ధతి అంతా డ్రైవరూ పాదచారీ కళ్లు కలుపుకుని ఒప్పందానికి రావడం మీద నిలిచింది. చూపులేని మనిషి ఎవరితో కళ్లు కలుపుతాడు? చేతికర్రకు తగిలే ఫుట్‌పాత్ అంచే అతనికి దారి చెప్పే గుర్తు. దాన్ని సౌందర్యం పేరుతో చదును చేశారు. జపాన్‌లో సెయిచి మియాకె 1965లో కనిపెట్టిన చుక్కల, గీతల టైల్స్‌ను 1967లో ఒకాయామాలో మొదట పరిచారు. ఇప్పుడు మన మెట్రో స్టేషన్లలో పసుపు రంగులో కనిపించేవి అవే. అరవై ఏళ్ల కిందటే అంత తేలికైన పరిష్కారం చేతిలో ఉండగా, కోట్లు ఖర్చుపెట్టి అంచులు తీసేయడం నా దృష్టిలో క్షమించరాని నిర్లక్ష్యం. స్వయంగా చూపులేని లార్డ్ హోమ్స్ 2015లో ప్రచురించిన సర్వేలో జవాబు చెప్పినవారిలో 35 శాతం మంది అలాంటి చోట్లకు వెళ్లడమే మానుకున్నామన్నారు. 2018 జులైలో బ్రిటిష్ ప్రభుత్వం ఎత్తు తేడా లేని కొత్త పథకాలను ఆపమని స్థానిక సంస్థలను కోరింది, తన 2011 నాటి మార్గదర్శకాన్ని వెనక్కి తీసుకుంది.

నియమాలు తీసేయడం మీద కాక నియమాన్ని తిరగేయడం మీద ఆధారపడిన దేశాలు మెరుగ్గా గట్టెక్కాయి. స్విట్జర్లాండ్ 1996లో బుర్గ్‌డార్ఫ్ పట్టణంలో ప్రయోగం చేసి, 2002లో దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఆ మండలాల్లో వేగం 20 కి.మీ., ప్రాధాన్యం పాదచారికి. 2008లో ఫ్రాన్స్ కూడా అదే బాట పట్టింది. వియన్నాలో మరియాహిల్ఫర్ వీధిని మార్చినప్పుడు వ్యాపారులు గగ్గోలు పెట్టారు. 2014లో స్థానికులను ఓటు అడిగితే 53 శాతం మంది మార్పు వైపే నిలిచారు. స్పెయిన్‌లోని పొంతెవెద్రాలో 1999లో మేయరైన మిగెల్ అంషో ఫెర్నాందెస్ లోరెస్ ఊరి మధ్యలో ఊరకే తిరిగే కార్లను, దారి వెతుక్కుంటూ దాటిపోయే కార్లను తప్పించాడు. సరుకులు దించేవాళ్లు, అక్కడే ఉండేవాళ్లు నెమ్మదిగా వచ్చిపోవచ్చు. ఎనభై వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు అది. మన జిల్లా కేంద్రాల్లో చాలావాటికి ఆ పరిమాణమే.

ఇప్పుడు మన వీధుల దగ్గరికి వద్దాం. విదేశాల నుంచి వచ్చినవాళ్లు మన బజార్లను చూసి, ఇవి సహజంగానే పంచుకున్న వీధులని మురిసిపోతుంటారు. ఆటో, ఆవు, తోపుడు బండి, స్కూటరు, మనిషి అందరూ ఒకే జాగాలో సర్దుకుపోతారని మెచ్చుకుంటారు. ఆ మెప్పును నేను ఒప్పుకోను. కలగలిసి ఉండటం వేరు, పంచుకోవడం వేరు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1.68 లక్షల మందిలో 32 వేలకు పైగా పాదచారులు. సర్దుకుపోయింది ఎవరో ఆ లెక్క చెబుతుంది. మన హారన్ మనుస్మృతి నాటి కేక చేసిన పనే చేస్తోంది. మోగించాను కాబట్టి తప్పుకోవడం నీ బాధ్యత అంటోంది.

చార్మినార్ మన ముందున్న పెద్ద ఉదాహరణ. 1591లో కట్టిన కట్టడం చుట్టూ శతాబ్దాల పాటు జనం, తరువాత బస్సులూ లారీలూ తిరిగాయి. పొగకూ అదురుకూ సున్నపు పూత దెబ్బతింది. వాహనాలను చుట్టురోడ్ల మీదికి మళ్లించి, కింద రాతిపరుపు వేయాలన్న పథకం దశాబ్దానికి పైగా నానింది. చివరకు కట్టడం చుట్టూ మోటార్లు ఆగాయి. ఆ తరువాత అక్కడి సాయంత్రాలు చూసినవాళ్లెవరూ పాత రద్దీ కావాలనరు. ఢిల్లీలో 1650లో జహనారా వేయించిన చాందినీ చౌక్‌లో ఎర్రకోట నుంచి ఫతేపురీ మసీదు దాకా 1.3 కి.మీ. మేర పగటిపూట మోటారు వాహనాలు నిలిపి 2021లో కొత్త రూపం ఇచ్చారు. అదే ఏడాది ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపితే హైదరాబాదు కుటుంబాలు పిల్లలతో తరలివచ్చాయి. పండగలా జరిగే ఈ ఏర్పాట్లు మంచివే. కానీ మనిషి రోజూ నడిచేది పర్యాటక స్థలంలో కాదు, బస్టాపుకూ బడికీ రైతుబజారుకూ. అక్కడే మనం ఏమీ చేయలేదు. విజయవాడ బీసెంట్ రోడ్డు లాంటి బజార్లు జనం ఒత్తిడితోనే కార్లను అదుపు చేస్తున్నాయి, మునిసిపాలిటీల ప్రణాళికతో కాదు.

ఇంకో మాట. పాదచారికి జాగా కావాలనగానే అధికారులు మొదట తోపుడు బండ్లను ఎత్తివేస్తారు. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు హక్కు ఇచ్చింది, సర్వే చేసి చోటు చూపమంది. వీధిని రాత్రి పది దాకా వెలుగుతో, మనుషులతో నింపి ఆడవాళ్లు ధైర్యంగా నడిచేలా చేసేది ఆ మిర్చి బజ్జీల బండి, ఆ పూల బుట్టే. ఫుట్‌పాత్‌ను ఆక్రమించినవాటిలో ట్రాన్స్‌ఫార్మర్లు, నిలిపిన కార్లు, దుకాణాల మెట్లు ముందు వస్తాయి. బండ్లవాళ్లు తరువాత.

చట్టం మనకు తక్కువేమీ లేదు. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం కదలాల్సింది వాహనాలు కాదు మనుషులని చెప్పింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 ప్రమాణాలు ఫుట్‌పాత్‌కు కనీసం 1.8 మీటర్లు అడ్డంకి లేని వెడల్పు కావాలన్నాయి. జీబ్రా గీతల దగ్గర పాదచారికి దారి ఇవ్వాలని 2017 డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. 2025 మే 14న సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం కిందకే వస్తుందని, వికలాంగులకు అందేలా వాటిని ఉంచాలని చెప్పింది. కాగితం మీద తీర్పు పాదచారికే అనుకూలం. రోడ్డు మీద కట్టినది దానికి ఎదురు.

రోడ్డు కట్టేటప్పుడు ముందు చూడాల్సింది వేగం. అది రెట్టింపైతే ఢీకొనే శక్తి నాలుగు రెట్లవుతుంది. 2020 స్టాక్‌హోమ్ ప్రకటన మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట 30 కి.మీ. హద్దు పెట్టమన్నది అందుకే. ఈ చరిత్రలో గెలిచిన వీధులన్నిటికీ ఉమ్మడి లక్షణం తక్కువ వేగం ఒక్కటే. రాతి రంగు, ఫౌంటెన్, బల్లలు తరువాతి సంగతులు. చూపులేని మనిషి చేతికర్ర సాయంతో ఒంటరిగా చివరిదాకా నడవగలిగితేనే ఆ వీధిని పంచుకున్న వీధిగా లెక్కపెట్టాలి.

ఈసారి మీ వార్డు సభలో రోడ్డు వెడల్పు గురించి మాట వస్తే రెండు ప్రశ్నలు అడగండి. మా బడి ముందు, మా బజారులో, మా గుడి వీధిలో వాహనం ఎంత వేగంతో పోవాలని నిర్ణయించారు? ఆ వేగం దాటడం కుదరకుండా రోడ్డును ఎలా కడుతున్నారు? జవాబు నోటిమాటగా కాక, కాగితం మీద సంతకంతో తీసుకోండి.